అనుభవం అన్న గడిలో రాసింది

జూన్ 16

అత్తకి,

చేరాను. దారిలో ఏ ఇబ్బందీ లేదు. ఫోను చేద్దామంటే నీకు వినపడదు, నాకు ఫోనులో మాటలు రావు, ఇద్దరం ‘ఆఁ? ఏంటీ?’ అనుకుంటూనే పెట్టేస్తాం. అందుకే ఉత్తరం. టైలరు వదినా, నువ్వేగా చదివి వినిపించేది, మెల్లగా చదువు. మిషను తొక్కుతూ చదవకు. ఆవిడకి సగం వినపడి, మిగతా సగం తనే కల్పించుకుంటుంది.

గది రెండో అంతస్తులో. నాలుగు మంచాలు. నాది తలుపు పక్కది. ఎవరు లేచి బయటికి వెళ్ళినా తలుపొచ్చి నా మంచానికి తగులుతుంది. మిగతా ముగ్గురూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు. మొదటిరోజు నన్ను చూసి ముగ్గురూ లేచి నిలబడ్డారు, వార్డెను అనుకుని. ‘నేనూ మీతో చదవడానికొచ్చిన దాన్నే, కూర్చోండే’ అంటే ఒకతె నవ్వాపుకోలేక దుప్పట్లో దూరింది. ఇప్పుడు అందరూ పెద్దమ్మా అంటున్నారు. దుప్పట్లో దూరినదాన్ని అందరూ అద్దం అంటారు, పొద్దస్తమానం అద్దంలోనే ఉంటుంది కాబట్టి.

పదో తరగతి కాగితం చూపించాను. నలభై ఒకటో ఏట ప్రైవేటుగా కట్టి పాసైనదని చెబితే గుమాస్తా దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలుగా ముప్పై ఐదు దాటితే తీసుకోరట. భర్త లేనివాళ్ళకి నలభై ఐదు దాకా ఉందట. నీ కొడుకు పోయి పదకొండేళ్ళకి నాకు ఈ ఒక్క మేలు చేశాడు అనుకున్నాను, వెంటనే లెంపలేసుకున్నాను.

ఈ కాన్పుల చదువు పద్దెనిమిది నెలలు. ముప్పై కాన్పులు పక్కన నిలబడి చూడాలి. ఇరవై కాన్పులు నా చేత్తో చెయ్యాలి. ఒక్కోదానికి పుస్తకంలో ఒక పేజీ, పేజీ కింద సిస్టరు సంతకం. సంతకం లేకపోతే ఆ బిడ్డ నా లెక్కన పుట్టనట్టే. తర్వాత రాతపరీక్ష, చేతిపరీక్ష. అన్నీ పాసైతే నర్సుల బోర్డువాళ్ళు రిజిస్టరులో పేరెక్కించి ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు ఉన్నవాళ్ళే కాన్పు చెయ్యాలి, లేనివాళ్ళు చెయ్యకూడదు.

ఫారంలో ‘అనుభవం’ అని ఒక గడి ఉంది. పిల్లలంతా అక్కడ గీత పెట్టేశారు. నేను మాత్రం రాశాను అత్తా. మా అత్తగారి దగ్గర తొమ్మిదేళ్ళు, రెండు వందల పైచిలుకు కాన్పులకి సాయం అని. నీ పేరూ, ఇంటి నంబరూ, వీధీ అన్నీ రాశాను. గడి చాలక పక్కనున్న ఖాళీలోకి కూడా వెళ్ళాను. పెద్ద మేడం అది చదివి తలెత్తి, ‘అయితే మీ చేతులకి పని తెలుసన్నమాట’ అంది. నాకు సీటు దానివల్లే వచ్చిందని నా నమ్మకం.

వచ్చే నెలకి మన పిల్ల పోయి రెండేళ్ళు. మన ఇంట్లోనే, కాన్పులో, మనిద్దరి కళ్ళముందు. నేను ఇక్కడికి ఎందుకొచ్చానో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. బస్సు దగ్గర సంచి చేతికిచ్చి వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయావు. నేను కిటికీలోంచి నీ వీపు చూస్తూ కూర్చున్నాను.

మన పిల్ల కన్న చంటిదాన్ని చూడ్డానికి అల్లుడింటికి వెళ్తే, ఎలా ఉందో రాయించు.

నీ కోడలు


జూలై 5

కోడలికి,

నేను చెబుతున్నాను, టైలరు రాస్తోంది. నేను అన్నది అన్నట్టు రాయమన్నాను. మెత్తగా చేసి రాయడం దీనికి అలవాటు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి ఇది ఆవలించింది.

ఇరవైకి సర్టిఫికెట్టు ఇస్తారా? నేను చేసినవి నీ పుస్తకంలో రాస్తే ఎన్ని పుస్తకాలు కావాలో పోయి మీ మేడాన్ని అడుగు. మొన్న మూడో సందులో లాండ్రీవాళ్ళ కోడలికి కవలలు. రెండోది అడ్డం తిరిగుంది. చెయ్యి పెట్టి చూసి, ఇది నా వల్ల కాదు, ఆస్పత్రికి పదండి అని నేనే ఆటో ఎక్కించి, నేనూ ఎక్కాను. ముగ్గురూ బాగున్నారు. ఎప్పుడు పట్టుకోవాలో ఎప్పుడు వదలాలో తెలియడమే ఈ పని. అది మీ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో చూసి చెప్పు.

చంటిదాన్ని చూసొచ్చాను. దాని నాయనమ్మ గుమ్మంలోనే కూర్చోబెట్టింది నన్ను. అది మాత్రం నా చెప్పు తీసుకెళ్ళి దానికి చెంచాతో తినిపించింది. నడక వాళ్ళ అమ్మదే, ముందుకి ఒరిగి నడుస్తుంది.

నువ్వు ఎందుకెళ్ళావో నేను అడగలేదంటే, అడిగితే చెప్పేదానివా? నాకు తోచింది నేను అనుకున్నాను.

తలుపు మంచానికి తగులుతుంటే మంచం జరుపుకో. దానికి కూడా మేడం సంతకం కావాలా?

అత్త


ఆగస్టు 22

అత్తకి,

నీ ఉత్తరం గదిలో చదువుతూ నవ్వాను. అద్దం లాక్కుని తనూ చదివింది. ‘మీ అత్తగారు మా మేడంకి మేడం’ అంది.

మంచం జరపడానికి లేదు, మేకులు కొట్టి ఉంది.

ఇక్కడ చేతులు కడుక్కోవడమే వారం రోజులు నేర్పారు. వేళ్ళ సందులు, గోళ్ళు, బొటనవేలి చుట్టూ, మణికట్టు. గోడమీద గడియారం చూస్తూ కడగాలి. తర్వాత బొమ్మ. నడుం నుంచి తొడల దాకా ఉన్న రబ్బరు బొమ్మ, లోపల గుడ్డ బిడ్డ. ఎందరు పిల్లలు లాగారో, ఆ గుడ్డ బిడ్డ మెడ వేలాడిపోయింది. దాన్ని నేను పట్టుకున్న పద్ధతి చూసి సిస్టరు అందరినీ పిలిచి చూపించింది. అది నీ పద్ధతే అత్తా, అరచెయ్యి కింద పెట్టి తొందరపెట్టకుండా ఆగడం. నాకు గర్వంగా అనిపించింది. ఎవరికి చెప్పుకోను? గోడకి చెప్పాను.

చదువుతుంటే మనం చేసిన తప్పులు ఎన్నో తెలుస్తున్నాయి. బొడ్డు కోసే బ్లేడు వేణ్ణీళ్ళలో ముంచి తీస్తే చాలదట, ఇరవై నిమిషాలు మరగాలట. తల్లికి చలి అని కిటికీలన్నీ మూసేవాళ్ళం, అదీ తప్పేనట. అవి వింటూ తలొంచుకుని కూర్చుంటాను.

పోయిన బుధవారం, బిడ్డ పుట్టాక తల్లికి ఏం చెయ్యాలి అనే పాఠం మొదలుపెట్టారు. నేను మధ్యలో లేచి బయటికొచ్చేశాను. తల తిరిగింది అని చెప్పాను. మెట్లమీద కూర్చున్నాను, కొళాయి కారుతుంటే కట్టేశాను, మళ్ళీ కారింది. ఆ పాఠం పరీక్షలో తప్పకుండా వస్తుందట. పుస్తకంలో ఆ పేజీలు పిన్ను పెట్టి మూసేశాను.

ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకా చూడ్డానికొచ్చే వాళ్ళని రానిస్తారు. గదిలో ఒక్కదాన్నే ఉండలేక నేనూ తల దువ్వుకుని కింద బెంచీ మీద కూర్చుంటాను. కాపలా ఆయన అడిగాడు, ‘ఎవరొస్తున్నారమ్మా?’ అని. ‘దారిలో ఉన్నారు’ అన్నాను.

నీ కోడలు


సెప్టెంబరు 10

కోడలికి,

‘మనం చేసిన తప్పులు’ అని రాశావు. మనం అనకు. నావి అని రాయి. నువ్వు నీళ్ళు అందించిన దానివి, చేతులు నావి.

మొన్న సోమవారం ఆరోగ్య ఆఫీసు బండి వచ్చి మన వాకిట్లో ఆగింది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆమె చేతిలో కాగితం. నా పేరు, ఇంటి నంబరు, తొమ్మిదేళ్ళు, రెండు వందలు, అన్నీ అందులో ఉన్నాయి. ‘లైసెన్సు ఉందా’ అంది. ‘ఈ వీధిలో సగం మందిని అడుగు, వాళ్ళే నా లైసెన్సు’ అన్నాను. నవ్వలేదు. ‘మా గురించి మీకెవరు చెప్పారు’ అంటే, ‘మీ కోడలే రాసిచ్చింది’ అని ఆ కాగితం నా కళ్ళముందు పెట్టింది. నాకు చదవడం రాకపోయినా నీ అక్షరం తెలుసు. ఒరిగి ఉంటుంది.

ఇంకెప్పుడూ కాన్పుకి వెళ్ళనని వేలిముద్ర వేయించుకున్నారు. పెట్టె తీసుకెళ్ళారు. కత్తెర, దారం, సబ్బుపెట్టె, రబ్బరు గుడ్డ అన్నీ. రసీదు ఇచ్చారు.

పిల్ల పోయినప్పుడు నా మొహం మీద అడగలేకపోయావు. ఇప్పుడు గవర్నమెంటుతో అడిగించావు. సంతోషం. చదువుకున్నదానివి కదా, పద్ధతిగా చేశావు.

అత్త

(వదినా, కింద ఇది ఆవిడ చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. సోమవారం నుంచి సరిగా తినడం లేదు. నిన్న నాలుగో ఇంటివాళ్ళు నొప్పులొస్తున్నాయని పిలవడానికొస్తే లోపల్నుంచి ‘లేదని చెప్పు’ అంది. ఆస్పత్రికే వెళ్ళారులే. ఈవిడ మాత్రం ఆ ఆటో చప్పుడు సందు దాటేదాకా కిటికీ దగ్గరే నిలబడింది.)


సెప్టెంబరు 15

అత్తా,

అయ్యో అత్తా. నీ మీద ఒట్టు, మన పిల్ల మీద ఒట్టు, నేను ఫిర్యాదు చెయ్యలేదు. నీ పేరు రాసింది గొప్పకి. అందరూ గీత పెట్టిన చోట నాకు రాయడానికి ఉంది కదా అని, సంబరంతో రాశాను. ఆ గడిలో రాసినవన్నీ ఆఫీసుకి వెళ్తాయని, వాళ్ళు వెతుక్కుంటూ వస్తారని నాకెలా తెలుస్తుంది? మేడం దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. ‘అది రూలమ్మా, మేము పంపక తప్పదు. మీరు రాయకుండా ఉండాల్సింది’ అంది. ‘నిజం రాయమని మీ ఫారంలోనే ఉందిగా’ అన్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది.

మొహం మీద అడగలేకపోయావు అని రాయించావు. నేను నిన్ను ఏం అడగాలి? నేను నిన్ను ఎప్పుడు ఏమన్నాను? నువ్వు అనుకుంటున్నది కాదు. నేను ఇక్కడికి వచ్చింది నీ గురించి కాదు. అది కాగితం మీద రాయలేను.

నువ్వు సరిగా తింటున్నావని రాయించేదాకా నాకు ముద్ద దిగదు.

నీ కోడలు


జనవరి 12

అత్తకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక నాలుగు నెలలు. ఇది నేను రాస్తున్న నాలుగోది. పోస్టు వచ్చే వేళకి మెట్ల దగ్గర నిలబడతాను. పోస్టుమాను నన్ను చూస్తే దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, పాపం, ఆయనకీ మొహమాటంగా ఉంది.

రాయకపోతే మానెయ్యి. నేను రాస్తూనే ఉంటాను, నువ్వు వింటున్నావనే అనుకుంటాను.

ముప్పై కాన్పులు చూడటం అయిపోయింది. సొంతంగా చేసినవి నాలుగు. మొదటిదానికి సిస్టరు పక్కనే పుస్తకం పట్టుకుని నిలబడింది. బిడ్డ బయటికొచ్చాక తలెత్తితే, ఎదురుగా నువ్వు లేవు. నీ వైపు చూడటం అలవాటైపోయింది నాకు. నువ్వు ‘ఊఁ’ అంటేనే అయిందనిపించేది. ఇక్కడ ఎవరూ ‘ఊఁ’ అనరు. టైము రాసుకుంటారు.

సెలవులకి పిల్లలందరూ ఇళ్ళకెళ్ళారు. నాలుగు మంచాల గదిలో నేనొక్కదాన్నే పది రోజులు. వెళ్తూ అద్దం తన అద్దం నా దగ్గర వదిలి వెళ్ళింది, ‘తోడుంటుంది పెద్దమ్మా’ అంటూ. నిజం చెప్పనా, రెండు రోజులు దానితోనే మాట్లాడాను. మూడోరోజు బోర్లించాను.

ఇంటికి వద్దామని బస్సు దాకా వెళ్ళాను. నువ్వు తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చేశాను.

నీ కోడలు


ఫిబ్రవరి 2

వదినా,

నేను టైలర్ని. మీ అత్తకి తెలియకుండా రాస్తున్నాను. నీ ఉత్తరాలు చదవద్దంది. చదవనని ఒప్పుకున్నాను, కానీ నాలో నేను చదువుకోవద్దని అనలేదుగా. అందుకని మిషను దగ్గర కూర్చుని గట్టిగా నాలో నేనే చదువుకుంటున్నాను. ఆవిడ వచ్చి పక్కన గుడ్డ ముక్కలు ఏరుతూ కూర్చుంటుంది. అయిపోయాక ‘నీ గొంతు బాగాలేదు, ఏదైనా మందు తాగు’ అని లేచి వెళ్తుంది.

తింటోంది. నీకు ముద్ద దిగదన్నావని విన్న రోజు నుంచి తింటోంది.

నువ్వు బస్సు దగ్గర్నుంచి వెనక్కి వెళ్ళావన్న చోట చేతిలో ఏరిన ముక్కలన్నీ కింద పడేసింది.


సెప్టెంబరు 4

అత్తా,

ఏడాది నిండబోతోంది నువ్వు మాట్లాడక. ఇది టైలరు వదిన గట్టిగా చదువుకోవడానికి కాదు. వదినా, తలుపు వేసి ఆవిడ చెవి దగ్గర చదువు. వినను అంటే నా కోసం బతిమాలు.

పరీక్షలు నవంబరులో. నా పుస్తకంలో పంతొమ్మిది పేజీలు నిండాయి. నిన్న మధ్యాహ్నం ఇరవయ్యోది.

ఆమెకి ఇరవై మూడేళ్ళు. తొలి కాన్పు. బిడ్డ సులువుగా వచ్చింది, మాయ వచ్చింది, అంతా అయింది అనుకున్నాం. సిస్టరు చేతులు కడుక్కోవడానికి పక్కకెళ్ళింది. నేను ఆమె పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. గర్భసంచి గట్టిగా బంతిలా తగలాలి. తగల్లేదు. తడిసిన పిండిలా ఉంది. కింద చూస్తే రక్తం. సిస్టర్ని కేకేసి, చేత్తో నొక్కి రుద్దడం మొదలుపెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ‘అమ్మా, నొప్పి, తియ్యండి, మీకు దణ్ణం పెడతాను’ అంది. నేను తియ్యలేదు. ఏడ్చింది, తిట్టింది, గోళ్ళతో గీరింది. తియ్యలేదు. సిస్టరు ఇంజెక్షను ఇచ్చింది, డాక్టరు వచ్చింది, మెల్లగా నా చేతికింద అది గట్టిపడింది. ఆమె బతికింది. సిస్టరు పుస్తకంలో సంతకం పెట్టి, పక్కన ‘చాలా బాగా చేసింది’ అని కూడా రాసింది.

నేను స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని అరిచాను అత్తా. నోట్లో తువ్వాలు కుక్కుకుని అరిచాను.

ఆ రోజు మన గదిలో, చంటిది పుట్టి ఏడవకపోతే నువ్వు దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళావు. వెళ్తూ నాతో, ‘పొట్ట మీద చెయ్యి వేసి రుద్దుతూ ఉండు, నేను చెప్పేదాకా తియ్యకు’ అన్నావు. వేశాను. రుద్దాను. మన పిల్ల, ‘అమ్మా, నొప్పే, తియ్యవే’ అంది. తీసేశాను. దాని తల నిమురుతూ కూర్చున్నాను. అది నిద్రపోతోందనుకున్నాను. కింద గుడ్డ మడతలన్నీ తడుస్తున్నాయి, నేను చూడలేదు. నువ్వు వచ్చి దుప్పటి ఎత్తేదాకా.

వీధివీధంతా ‘ముసలిదాని చేతులు పట్టుతప్పాయి’ అన్నారు. అల్లుడు నీ మొహం మీదే అన్నాడు. నువ్వు మాట్లాడలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెయ్యి తీసింది నేను అని నా నోట రాలేదు. ఆ తర్వాత నీ చేతుల వంక చూడలేకపోయాను. అనుమానంతో అని నువ్వు అనుకున్నావు. కాదు. సిగ్గుతో.

ఎందుకొచ్చానంటే ఇందుకు. ఎంతసేపు రుద్దాలో, తియ్యకుండా ఉంటే బతికేదో లేదో ఎవరైనా చెబుతారని వచ్చాను. పిన్ను పెట్టిన పేజీలు రాత్రి తీసి చదివాను. చెయ్యి వెయ్యాలి, తియ్యకూడదు అనే ఉంది. ఇంజెక్షను కూడా ఉండాలనీ, ఒక్కోసారి అన్నీ చేసినా దక్కరనీ కూడా ఉంది. నా సంగతి ఏమిటో మాత్రం అందులో లేదు.

ఇప్పుడు నన్ను ఏమన్నా అను. కానీ అను.

నీ కోడలు


సెప్టెంబరు 21

కోడలికి,

తలుపు వేసి విన్నాను. టైలరు చదవలేక మధ్యలో రెండుసార్లు ఆగింది. ఇప్పుడు నేను చెప్పేది ఆగకుండా రాయమన్నాను.

నువ్వు చెయ్యి తీశావని నాకు తెలుసు. నేను చూశాను.

కిటికీ దగ్గర చంటిదాన్ని తలకిందులుగా పట్టుకుని అరికాలు మీద కొడుతున్నాను. ఒకసారి తిరిగి చూశాను. నీ చెయ్యి పొట్ట మీద లేదు, దాని తల మీద ఉంది. ‘ఒసే, చెయ్యి!’ అని అరవబోయాను. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే చంటిది ఏడ్చింది. అటు తిరిగాను. దాని నోరు తుడిచాను, గుడ్డలో చుట్టాను, ముద్దు కూడా పెట్టుకున్నాను. అరవాలన్న సంగతే మర్చిపోయాను. నలభై ఏళ్ళు చేసినదాన్ని, మర్చిపోయాను. ఎంతసేపో తెలియదు. ఆ కాసేపు మాత్రం నాకు బిడ్డ దక్కిందన్న సంతోషం.

నువ్వు తల్లివి. నొప్పి అంటే తీశావు. నేను మంత్రసానిని. నాకు ఏం అడ్డొచ్చింది?

అందుకే ఎవరేమన్నా పడ్డాను. నిన్ను కాపాడటానికి అనుకుంటున్నావేమో, అంత మంచిదాన్ని కాదు. అన్నది నిజమని ఊరుకున్నాను. నువ్వు నా చేతులు చూడటం మానేసినప్పుడు, కిటికీ దగ్గర జరిగింది నువ్వు చూశావనుకున్నాను. చదువుకెళ్తానంటే, నా తప్పు పుస్తకంలో వెతకడానికనుకున్నాను. బండి వచ్చినప్పుడు, దొరికిందనుకున్నాను. మూడేళ్ళు ఒకే ఇంట్లో, ఉత్తరాల్లో, నీ తప్పు నువ్వు దాచుకుని, నాది నేను దాచుకుని, ఒకరికొకరం దొంగల్లా తిరిగాం.

ఇంకో సంగతి. బోర్డువాళ్ళ దగ్గర్నుంచి నాకో కాగితం వచ్చింది. నీకు నంబరు ఇచ్చేముందు నన్ను అడగాలట, ఫారంలో నా పేరుంది కాబట్టి. ‘ఈమె మీ దగ్గర ఉన్నప్పుడు, తల్లి చనిపోయిన కాన్పులో ఎప్పుడైనా పాల్గొందా?’ అని ఉంది. లేదు, ఆ రోజు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, కోడలు ఫ్యాక్టరీలో పనికి వెళ్ళింది అని రాయించి వేలిముద్ర వేశాను. అది దీంతో పంపుతున్నాను, నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. నాకు ఇంక పోయేదేం లేదు, పెట్టె వాళ్ళ దగ్గరే ఉంది. నీకు నంబరు రావాలి. నీ కష్టం ఊరికే పోకూడదు.

పరీక్షకి బాగా తిని వెళ్ళు.

అత్త


నవంబరు 18

అత్తా,

రాతపరీక్ష పాసయ్యాను. చేతిపరీక్షలో మా బ్యాచికి నేనే ఫస్టు. అద్దం నన్ను ఎత్తి తిప్పబోయి నడుం పట్టేసి కూర్చుంది.

నువ్వు పంపిన కాగితం దాదాపు రెండు నెలలు నా పెట్టెలో ఉంది. రోజూ తీసి చూశాను. ఆ రోజు నేను ఫ్యాక్టరీకి వెళ్ళాను అని ఉంది. నిజంగా వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది అనిపించేది. చదివిన కొద్దీ నేను ఆ గదిలోంచి బయటికి వెళ్ళిపోతున్నట్టుండేది. మన పిల్ల తల నిమరడానికి ఎవరూ లేనట్టుండేది.

నిన్న సిస్టరుతో అంతా చెప్పాను. ఆవిడ నీ కాగితం తీసుకుని చదివి, ‘ఈ కాగితం ఇస్తే డిసెంబరులో నీకు నంబరు వస్తుంది. నిజం రాస్తే విచారణ పెడతారు. రాకనూపోవచ్చు. ఇరవై కాన్పులూ, పద్దెనిమిది నెలలూ నీళ్ళలో పోస్తావా?’ అంది. ‘మీరైతే ఏం చేస్తారు సిస్టరు?’ అన్నాను. ‘నన్ను అడక్కు’ అని లేచి వెళ్ళింది. వాకిట్లోంచి మళ్ళీ వెనక్కి వచ్చి, ‘ఆ చెయ్యి తియ్యని పేజీ నేను సంతకం పెట్టిందే. అది వాళ్ళకి చూపించు’ అంది.

నీ కాగితం చింపేశాను. క్షమించు. వేలిముద్ర ఉన్న ముక్క మాత్రం చింపబుద్ధి కాలేదు, నా దగ్గరే ఉంది. కొత్తది నేనే రాశాను. నేను ఆ గదిలో ఉన్నాను. చెయ్యి వెయ్యమని మా అత్త చెప్పింది. వేశాను. నా కూతురు నొప్పి అంటే తీశాను. ఇంతే రాశాను. నువ్వు కిటికీ దగ్గర ఏం చేశావో రాయలేదు, అది నాది కాదు. ఈసారి రాసే ముందు, ఇది ఎక్కడికి వెళ్తుందో, ఎవరు చదువుతారో అడిగి తెలుసుకుని రాశాను.

విచారణ డిసెంబరు 9న, పదకొండు గంటలకి. బోర్డు ఆఫీసు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నీకూ కాగితం వస్తుంది, రమ్మని. రాకపోయినా ఏమీ అనరట. మోకాళ్ళ సంగతి చూసుకో. వస్తే మాత్రం, ఆ ముందురోజు నా గదిలోనే పడుకోవచ్చు. పిల్లలు వెళ్ళిపోయారు, మూడు మంచాలు ఖాళీ.

నంబరు ఇవ్వకపోతే ఏం చేస్తానో తెలియదు. ఇస్తే ఏం చేస్తానో కూడా తెలియదు. నాకు ఇప్పుడు కావాల్సింది ఒక్కటే. వాళ్ళు ఆ రోజు గురించి అడిగినప్పుడు, ఆ గదిలో ఉన్న మనిషి ఇంకొకరు నా పక్కన ఉండాలి.

నీ కోడలు


నవంబరు 26

కోడలికి,

వస్తాను. మూడంతస్తులే కదా, కూర్చుంటూ ఎక్కుతాను. టైలరు తోడొస్తానంది, వద్దన్నాను. ఇది మనిద్దరి పని.

చింపినందుకు రెండు రోజులు నిన్ను తిట్టాను. మూడోరోజు మానేశాను.

నిన్ను అడిగేటప్పుడు నేను మధ్యలో దూరను. నీ తప్పు కాదని అననుగాక అనను, ఎంత నోటిదాకా వచ్చినా. నన్ను అడిగేటప్పుడు నువ్వూ నోరెత్తకు. మా అత్త పెద్దది, పాపం, చంటిదాన్ని బతికించింది అని నన్ను వెనకేసుకు రావద్దు. కిటికీ దగ్గర సంగతి నేను చెప్పుకుంటాను.

అన్నిటికన్నా ముందు, చనిపోయిన అమ్మాయి వయసెంత అని అడుగుతారు. ఆరోజు ప్రాణం పోయాక ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడా అదే అడిగారు, నువ్వు గోడకి ఆనుకుని కిందికి జారిపోయావు. అదొక్కటీ నేను చెబుతాను. ఇరవై ఒకటి. ఇరవై రెండు రావడానికి ఇంకా నలభై రోజులుంది.

అత్త